స్టార్ట్ బటన్ మీద ఎర్రగుడ్డ

ఫోటో స్టూడియో మీది గది

నాన్నా,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పదు. నిన్న పదిమంది మధ్య ఒక మనిషి నీ చెయ్యి ఎలా పోయిందో కథగా చెప్పాడు. అందరూ నవ్వారు. నేను లేచి వెళ్ళలేదు. ఫోన్లో చెబితే నువ్వు "సరేలే" అని ఫోన్ అమ్మ చేతికిస్తావు. కాగితం అలా ఇచ్చి తప్పించుకోలేవు, అమ్మకి చదవడం రాదు కాబట్టి.

ముందు నేను దాచిన సంగతి చెబుతాను. పంపుల కంపెనీలో నాకు ఆదివారం సెలవు. ఆ రోజంతా నేను గదిలో పడుకుంటున్నానని అమ్మ అనుకుంటోంది. వానలు మొదలైనప్పటి నుంచీ నేను ఆదివారాలు పాత లోకో షెడ్డుకి వెళుతున్నాను. అక్కడ కొంతమంది కలిసి, జీతం భత్యం లేకుండా, ఇష్టం కొద్దీ ఒక పాత డీజిల్ ఇంజిన్ బాగుచేస్తున్నారు. తుక్కు కింద పోతుంటే బతిమాలి తెచ్చుకున్నారు. బ్యాంకులో రిటైరైన క్యాషియర్ గారు వాళ్ళకి కార్యదర్శి. పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు, తుప్పు గీకడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. నాకు డిప్లొమా ఉందని తెలిసి వెంటనే చేర్చుకున్నారు.

పక్కన పాత పెయింటు గీకుతుంటే నంబరు బయటపడింది. నాన్నా, అది నీ చెయ్యి తీసుకున్న ఇంజినే. వీళ్ళకి పని నేర్పే పెద్దాయన మీ ఫోర్‌మన్.

నిన్న టీ తాగుతూ ఆయన పాఠం చెప్పాడు. చాలా కాలం ఆగి ఉన్న ఇంజిన్ని స్టార్ట్ చేసే ముందు ఒకరు లోపలికి వెళ్ళి, పొడవాటి ఇనప బారుతో దాన్ని చేత్తోనే మెల్లగా తిప్పాలట, సిలిండర్లలో నీళ్ళు చేరాయేమో చూడటానికి. ఆ మనిషి లోపల ఉండగా, డ్రైవరు నిలబడే క్యాబ్‌లో ఎవరైనా బటన్ నొక్కితే ఇంజిన్‌తో పాటు బారూ తిరిగిపోతుంది. అందుకని లోపలికి వెళ్ళేవాడు తన ఎర్రగుడ్డని బటన్ చుట్టూ ఉన్న కమ్మీకి కట్టి వెళ్ళాలి. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

తర్వాత ఇలా అన్నాడు: "మా షెడ్డులో ఒకడుండేవాడు. పనివాడే, కాదనను. వొట్టి బద్ధకం. గుడ్డ జేబులోనే పెట్టుకుని లోపల దూరాడు. గుడ్డ లేదు కదా అని మనం నొక్కాం. ఇక అప్పట్నుంచీ బాబు అందరికీ ఎడం చేత్తోనే సలాం."

పళ్ళ డాక్టరుకి నవ్వి నవ్వి టీ పొలమారింది.

గుడ్డ కట్టావా, లేదా? మన ఇంట్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మకి అనుమానం లేదు కాబట్టి అడగలేదు. నాకు భయం కాబట్టి నేను అడగలేదు. ఒక్క మాట రాయి చాలు. కట్టి ఉంటే మాత్రం నేను ఆ మనిషిని వదలను.

నీ కూతురు

*

సైకిల్ షాపు, మెట్ల కింది బల్ల

అమ్మాయీ,

ఉత్తరం అందింది. చదువుతుంటే పంక్చర్ కోసం వచ్చినాయన నా మొహం చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. బేరం పోయిందని షాపులో ఉన్న మీ బావ విసుక్కున్నాడు.

ఆ షెడ్డుకి వెళ్ళడం మానెయ్యి. ఆదివారం పూట పడుకోవడం మంచి అలవాటు. నిన్ను చదివించింది నా గ్రీజు నువ్వు పూసుకోవడానికి కాదు. చెయ్యి పోయింది, ఉద్యోగం పోయింది, వాటితో పాటే ఆ సంగతీ పోయింది. నేను మర్చిపోయాను. నువ్వూ మర్చిపో.

ఉత్తరంలో ఏముందని మీ అమ్మ అడిగింది. నీకు జలుబు చేసిందని చెప్పాను. వెంటనే స్వెట్టరు మొదలుపెట్టింది. ఇప్పుడు నువ్వు తొడుక్కోక తప్పదు, రంగు ఏదైనా సరే.

అడిగింది చెప్పలేదని మళ్ళీ రాయకు.

ఎడమవైపు మూడో సిలిండర్లోకి ఇంకా నీళ్ళు దిగుతున్నాయా? ఊరికే అడిగాను.

మీ నాన్న

*

ఫోటో స్టూడియో మీది గది

నాన్నా,

దిగుతున్నాయి.

నువ్వు ఊరికే అడగలేదు. మర్చిపోయినవాడికి ఎడమవైపు మూడోది ఎందుకు గుర్తుంటుంది? స్వెట్టరు అందింది. ఆ రంగు చూస్తే ఎదురుగా వచ్చే బండి ఆగిపోతుంది. అమ్మతో బాగుందని చెప్పు.

ఆయన గురించి రాస్తాను, విను. నాకు ఇంజనీరమ్మ అని పేరు పెట్టాడు. నేను ఎవరి కూతుర్నో తెలియదు. "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అంటే సైకిల్ షాపు అన్నాను. "కష్టపడి చదివించాడు, మంచి మనిషై ఉండాలి," అని వీపు తట్టాడు. గదికి వచ్చి ఆ కుర్తా సబ్బు పెట్టి ఉతికాను. మళ్ళీ తొడుక్కోలేదు.

ఆయన చూడటానికి చెడ్డమనిషి కాదు. అదే నాకు ఒళ్ళుమంట. స్కూలు పిల్లలు వస్తే ఎత్తుకుని హారన్ చూపిస్తాడు. క్యాషియర్ గారి భార్యకి ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి తీసుకువెళ్ళాడు. అందరూ ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఆ నెత్తుల మీద నుంచి దింపాలంటే నేను ఏడ్చి చెబితే సరిపోదు. నువ్వు ఏడవకుండా చెప్పినా ఎవరూ వినలేదు కదా.

కానీ ఆయనకి ఒక్క గుణం ఉంది. ఆగలేడు. పళ్ళ డాక్టరు నట్టు బిగిస్తుంటే వెనక నిలబడి నిలబడి, చివరికి చేతిలోంచి స్పానర్ లాక్కున్నాడు. తన టీ వచ్చేలోపు పక్కవాడి టీ తాగేస్తాడు. తలుపు తాళం తియ్యడం ఆలస్యమైందని కిటికీలోంచి దిగాడు, ఈ వయసులో. అందరూ ముద్దుగా నవ్వుకుంటారు. నేను నవ్వడం లేదు. చూస్తున్నాను.

గుడ్డ కట్టలేదని రాస్తే మానేస్తాను. ఇకముందు ఆదివారాలు నిద్రపోతాను. నీ చేత్తో రాయి.

నీ కూతురు

*

సైకిల్ షాపు, మెట్ల కింది బల్ల

అమ్మాయీ,

కట్టాను.

ఈ మాట నేను కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. విచారణలో నోటితో చెప్పాను, వాళ్ళు రాసుకోలేదు. నాకా, అప్పుడు రాయడం రాదు. తర్వాత నువ్వు పలక మీద దిద్దుతుంటే పక్కన కూర్చుని ఎడం చేత్తో నేర్చుకున్నాను కదా. "నాన్నా, నీ 'అ'కి తోక పొడుగైంది" అని కొట్టేదానివి.

లోపలికి వెళ్ళేవాడు అసలైతే స్టార్టింగ్ ఫ్యూజు పీకి వెళ్ళాలి. అది లేకపోతే బటన్ మీద ఎక్కి కూర్చున్నా ఇంజిన్ కదలదు. ఫ్యూజు తియ్యడం, మళ్ళీ పెట్టడం ఆలస్యం, గుడ్డ చాల్లే అని మా షెడ్డులో అలవాటు చేసింది ఆయనే. మేం ఆయన్ని కానీ సారు అనేవాళ్ళం. ఏ పని జరుగుతున్నా వెనక నిలబడి "కానీ, కానీ" అంటూనే ఉండేవాడు.

ఆ రోజు రైలుకి ఇంజిన్ పంపడం ఆలస్యమైంది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నేను గుడ్డ కట్టి వెళ్ళి బారుతో తిప్పుతున్నాను. "అయిందా?" అని కేక వినపడింది. "లేదు సార్" అన్నాను. కాసేపటికి, బటన్ నొక్కే ముందు వేసే డీజిల్ పంపు మోత మొదలైంది. ఆ మోత తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసినా చెయ్యి తీసుకునే వ్యవధి లేదు.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి గుడ్డ నా చొక్కా జేబులో దొరికిందన్నారు. నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ చేసినట్టు. పుట్టి బుద్ధెరిగాక నేను ఏ గుడ్డా మడత పెట్టలేదు. మీ అమ్మ నాతో పెళ్ళయిన నాటి నుంచీ పోట్లాడుతున్నది దాని గురించే. విచారణలో అదే చెప్పాను. వాళ్ళూ నవ్వారు, మీ పళ్ళ డాక్టరు లాగే.

మర్చిపోయానని రాశాను. అది అబద్ధం. పంక్చర్ వేసేటప్పుడు గమ్ము ఆరేదాకా చేతులు కట్టుకుని ఆగాలి. నాకు కట్టుకోవడానికి రెండోది లేదు. ఆగినప్పుడల్లా ఆ మనిషే కనిపిస్తాడు. రోజంతా పంక్చర్లే వేస్తాను.

ఒకటి మాత్రం విను. ఇంజిన్‌కి ఏమీ చెయ్యకు. నట్టు వదులు చెయ్యడం, నీళ్ళు ఉన్నాయని తెలిసీ ఊరుకోవడం, అలాంటివి పెట్టుకోకు. తేల్చుకోవలసింది మనిషితో. మనిషి దగ్గరే తేల్చుకో.

మీ నాన్న

*

షెడ్డు, పనిముట్ల గది

నాన్నా,

మనిషి దగ్గరే తేల్చుకుంటాను.

వచ్చే నెల మొదటి ఆదివారం ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేస్తారు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. షామియానా, కుర్చీలు, మైకు అన్నీ చెప్పేశారు. బటన్ ఎవరు నొక్కాలని క్యాషియర్ గారు అడిగితే అందరూ ఒకే మాటగా పెద్దసారే అన్నారు. నేనూ చెయ్యి ఎత్తాను. లోపలికి వెళ్ళి బారుతో తిప్పేది ఎవరని అడిగితే మాత్రం నేనొక్కదాన్నే ఎత్తాను.

అంటే అర్థమైంది కదా. లోపల నేను ఉంటాను. బయట ఆయన ఉంటాడు. మధ్యలో నా గుడ్డ ఉంటుంది. బ్యాటరీ స్విచ్చు ముందే తీసేసి వెళతాను, కాబట్టి నాకు ఏమీ కాదు. నేను వచ్చి విప్పేదాకా ఆయన ఆగాడనుకో, నేను ఓడిపోయినట్టే. స్విచ్చు వేసి, గుడ్డ విప్పి, అందరితో పాటు చప్పట్లు కొడతాను. ఇక ఈ జన్మలో ఆ సంగతి ఎత్తను. ఆగలేదనుకో, కథ చెప్పుకుని నవ్విన పదిమందీ ఆ చేతిని కళ్ళారా చూస్తారు.

ఇది మోసమేమోనని రెండు ఆదివారాలు ఆలోచించాను. నేను ఆయన చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పించడం లేదు. విప్పకూడదని ఆయనే అందరికీ పాఠం చెప్పాడు. ఆ పాఠం ఆయనకి వచ్చో రాదో చూస్తాను, అంతే. అయినా నిజం చెబుతున్నాను, ఆయన ఆగకూడదని కోరుకుంటున్నాను. పని చేస్తున్నంతసేపూ అదే కోరుకుంటున్నాను.

వద్దంటావేమో. వద్దన్నా చేస్తాను. అందుకే అడగడం లేదు, చెబుతున్నాను.

నీ కూతురు

*

సైకిల్ షాపు, మెట్ల కింది బల్ల

అమ్మాయీ,

మొదట వద్దని ఒక కాగితం రాశాను. నిండా రాశాను. చింపేశాను.

తర్వాత మీ అమ్మకి అంతా చెప్పాను, నీ జలుబుతో సహా. అంతా విని, అల్లుతున్న సూదులు పక్కన పెట్టింది. చివరికి "రెండు ముళ్ళు వెయ్యమను. ఒక్కటే వేస్తే అదే జారిపోయిందంటాడు" అంది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఈవిడ బుర్ర సంగతి నాకు తెలియలేదు. ఆవిడ చెప్పినట్టే చెయ్యి.

ఇక నా మాట. బ్యాటరీ స్విచ్చు మీద నమ్మకం పెట్టుకోకు. నువ్వు తీస్తావు, ఎవడో పుణ్యాత్ముడు చూసి "అరే, ఇది వెయ్యలేదే" అని వేస్తాడు. స్విచ్చుతో పాటు ఫ్యూజు కూడా పీకి నీ జేబులో వేసుకో. నీ దగ్గర ఉన్నది ఇంకొకడు పెట్టలేడు. మాకు గుడ్డ చాల్లే అని మాన్పించిన పద్ధతి అది. నువ్వు చాల్లే అనుకోకు.

క్యాషియర్ గారు మంచివాడంటున్నావు కాబట్టి ఆయన్ని క్యాబ్ తలుపు దగ్గర నిలబెట్టు. కారణం చెప్పక్కర్లేదు. "అయిందా?" అని అడుగుతాడు. అడక్కుండా ఉండడు. "లేదు" అని గట్టిగా, షామియానాలో వెనక కుర్చీకి వినపడేలా అను. నా గొంతు అప్పుడు చిన్నదైపోయింది. సార్ అనే అలవాటు వల్ల.

ఆ తర్వాత బారు వదిలేసి దూరంగా నిలబడు. ఫ్యూజు జేబులో ఉన్నా సరే నిలబడు. ఇది నీ తండ్రి మాట. మిగతావన్నీ ఫిట్టరు మాటలు.

అయ్యాక వెంటనే రాయి. ఫోన్ చెయ్యకు. ఫోన్లో నాకు మాట రాదు.

మీ నాన్న

*

ఫోటో స్టూడియో మీది గది

నాన్నా,

నాకు దెబ్బలేవీ తగల్లేదు. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ముందు ఈ ముక్క అమ్మకి చదివి వినిపించు. తర్వాత మిగతాది చదువు.

ఆఫీసరు ఆలస్యంగా వచ్చి, వచ్చీ రాగానే గడియారం చూసుకున్నాడు. ఇంకెక్కడో రిబ్బను కత్తిరించాలట. ఆయనా, మన కానీ సారూ క్యాబ్ ఎక్కారు. క్యాషియర్ గారిని తలుపు దగ్గర నిలబెట్టాను, వీడియో తియ్యడానికి అక్కడైతే వెలుతురు బాగుంటుందని చెప్పి. పళ్ళ డాక్టరు ఎలాగూ వచ్చి దూరాడు. నేను అందరి ముందే గుడ్డ కట్టాను, రెండు ముళ్ళు. "సార్, నేను వచ్చి విప్పేదాకా ఆగండి" అన్నాను. "చూశారా సార్, పద్ధతంటే ఇదీ. మా ఇంజనీరమ్మకి నేనే నేర్పాను" అని ఆఫీసరుతో చెప్పుకున్నాడు. స్విచ్చు అంతకుముందే తీశాను. ఫ్యూజు నా జేబులో బరువుగా ఉంది.

లోపలికి వెళ్ళి బారు కన్నంలో పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. బాగా కదిలింది నాన్నా. కందెన వేసిన బండి చక్రంలా కదిలింది. మూడో సిలిండర్ దాకా వచ్చేసరికి కేక వినపడింది.

"ఇంజనీరమ్మా, అయిందా?"

"లేదు, ఆగండి." వెనక కుర్చీకి వినపడేలా అన్నాను. బారు వదిలి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు చెప్పావని కాదు. దాని మీద నీ చెయ్యే కనిపించింది.

ఇక అక్కడ జరిగింది క్యాషియర్ గారు చెబితేనూ, ఆయన తీసిన వీడియోలోనూ తెలిసింది. నా మాట విన్నాక కానీ సారు ఆఫీసరు వైపు తిరిగి, నవ్వుతూ, "అయిపోయిందట సార్" అన్నాడు. మొదటి ముడి విప్పాడు. రెండోది గట్టిగా ఉండి గోళ్ళకి లొంగలేదు, ఒంగి పళ్ళతో లాగాడు. గుడ్డ చేతికి వచ్చాక ఒకసారి దులిపి, మడత పెట్టాడు. మళ్ళీ మడత పెట్టాడు. నాలుగు మడతలు నాన్నా, అంచుకి అంచు కలిపి. దాన్ని జేబులో పెట్టుకుని బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారీ నొక్కాడు.

నేను బయటికి వచ్చాను.

"సార్, నా గుడ్డ ఇవ్వండి."

"బ్యాటరీ దిగినట్టుందమ్మా, చూడు చూడు."

"బ్యాటరీ బాగానే ఉంది. ఇది నా దగ్గర ఉంది." ఫ్యూజు తీసి చూపించాను. "ఇది దాని చోట ఉంటే ఇప్పుడు నా చెయ్యి ఉండేది కాదు. నేను లేదని అరిచాను. అందరికీ వినపడింది. మీరు అయిందన్నారు. మీరు కథలో చెప్పుకుని నవ్వే ఎడం చేతి సలాం మా నాన్నది. ఆయన గుడ్డ కూడా ఇలాగే మడత పెట్టారా?"

ఆఫీసరు ఏమీ తెలియనట్టు క్యాబ్ దిగాడు. పళ్ళ డాక్టరు మొహం ఎర్రబడింది. కానీ సారు చెయ్యి జేబు మీదకి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. తీసి ఇవ్వడం చేతకాలేదు. క్యాషియర్ గారే ఆ జేబులోంచి గుడ్డ తీసి, మడత విప్పకుండా నా చేతిలో పెట్టారు. పెట్టి, "ఇక మీరు ఇంటికి వెళ్ళండి" అన్నారు ఆయనతో. నోటితో 'మీరు' అన్నారు కానీ, 'నువ్వు' అన్నట్టే వినపడింది. ఆయన షామియానా మధ్యలోంచి నడిచి వెళ్ళాడు. పక్కనుంచి దారి ఉంది, గుర్తుకు రాలేదు కాబోలు.

మిగతా తిప్పడం ఆ సాయంత్రమే పూర్తి చేశాం. బాగుచేశాం అనుకున్న ఎడమవైపు మూడో సిలిండర్ కుళాయిలోంచి మళ్ళీ నీళ్ళు చిమ్మాయి. అది బాగయ్యేదాకా స్టార్ట్ చెయ్యకూడదని తీర్మానించారు. ఎవరూ తొందరపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మర్నాడు ఆయన నా గదికి వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ ఉంది, చూపించలేదు. "మీ నాన్నని ఒకసారి చూడాలమ్మా. చిరునామా ఇస్తావా?" అన్నాడు. ఎందుకని అడిగాను. కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు. నువ్వు నన్ను ఏమైనా అనుకో, కలగలేదు.

"నాకు అధికారం లేదు. నాన్నని అడిగి చెబుతాను" అన్నాను.

"ఫోన్ చెయ్యమ్మా, ఇప్పుడే చెయ్యి."

"మా నాన్న ఉత్తరాలే రాస్తాడు. ఎడం చేత్తో కదా, టైము పడుతుంది."

"ఎప్పటిదాకా?"

"ముప్ఫయ్యో తేదీ దాకా. అప్పటికి రాకపోతే రావద్దన్నట్టే."

ఆ రోజు నుంచీ ప్రతి సాయంత్రం కింద స్టూడియోలో కూర్చుంటున్నాడు. పోస్టు వచ్చిందా అని స్టూడియో ఆయన్ని అడుగుతాడు. లేదంటే, కాసేపు గోడ మీది పెళ్ళి ఫోటోలు చూసి లేచి వెళతాడు. మర్నాడు మళ్ళీ వస్తాడు.

రమ్మనాలో వద్దో నువ్వే నిర్ణయించు, అమ్మని కూడా అడుగు. ఏది రాసినా నాకు సమ్మతమే. కానీ ముప్ఫయ్యో తేదీకి సరిగ్గా అందేలా రాయి. ఇవాళే రాసేసినా సరే, ముందుగా పోస్టు చెయ్యకు.

నీ కూతురు